ఖాళీ కాటా చూడనివాళ్లు

మా దుకాణంలో బస్తాలు తూచిన కాటాను పాత ఇనుము కింద అమ్మేసిన రోజు, దాన్ని ఇంకో కాటా తూచింది. ఎర్రగడ్డ నుంచి ట్రాలీ ఆటో వేసుకొచ్చినాయన జేబులోంచి అరచేతిలో పట్టేంత ఎలక్ట్రానిక్ కొక్కెం తీశాడు. మా కాటాను ముక్కలుగా విప్పి, ఒక్కో ముక్కనూ దానికి వేలాడదీసి అంకె చదువుకుంటూ పోయాడు. గల్లీ మొత్తాన్నీ తూచిన యంత్రం అట్లా గాల్లో గిరగిరా తిరుగుతుంటే, నాకు రావలసిన బాధ రాలేదు. అడ్డంగా ఉండే కొమ్ము ఇత్తడిది కదా, దాన్ని ఇనుము ధరకు ఎలా కడతాడని మాత్రం అనిపించింది. అడిగాను. పూత అన్నాడు. తాళంచెవితో గీసి చూపించాను. అరగంట బేరమాడి ఇత్తడిని ఇత్తడి ధరకే అమ్మాను. ఆయన వెళ్లబోతూ, కారున్నవాళ్లే ఇంత గట్టిగా ఆడితే మాలాంటోళ్లు ఎట్ల బతకాలని నవ్వాడు. కారు కూడా ఇలాగే కొన్నానని చెప్పాను.

అమ్మ గడప దగ్గర కుర్చీలో కూర్చుని ఇదంతా చూస్తోంది. ఒక్కసారే నోరు విప్పింది. "అన్ని అమ్ముకో, గాని కొమ్ము కొసకున్న మర ఇయ్యకు" అంది. ఉసిరికాయంత ఇత్తడి మర అది. ఖాళీ కాటా సమంగా నిలవకపోతే దాన్ని అటో ఇటో తిప్పి సరిచేస్తారు. తూకంలో దానికి వంద రూపాయలు కూడా రావు. విప్పి అమ్మ చేతిలో పెట్టాను. ఇప్పుడది ఆమె మాత్రల డబ్బాలో ఉంటుంది. పొద్దున బీపీ మాత్ర తీసుకునేటప్పుడు ముందు దాన్ని పక్కకు జరపాలి.

మా దుకాణం యూసుఫ్‌గూడ నుంచి కృష్ణానగర్‌కు వంపు తిరిగే సందులో ఉండేది. ముందు గదిలో దుకాణం, వెనక మేము, పైన కిరాయిదార్లు. లోపలికి అడుగుపెడితే గోనెసంచుల దుమ్ము, కొత్త బెల్లం, ఎండుమిర్చి, అగరొత్తి, అన్నీ కలిసి ఒకటే వాసన. మేం ఆ వాసనతోనే బడికి వెళ్లేవాళ్లం. లెక్కల పంతులు నా పక్కన నిలబడితే ఆయనకు తుమ్ము వచ్చేది. నాన్న పొద్దున్నే షట్టర్ సగం ఎత్తి, దేవుడి పటానికి దండం పెట్టి, గల్లా పెట్టె మీద తరాజును ఖాళీగా పట్టుకుని రెండు పళ్లేలూ సమంగా నిలిచేదాకా చూసేవాడు. ఖాళీ కాటా చూడకుండా తూకం వేసేవాడు ఇయ్యాల గిరాకీని ముంచుతాడు, రేపు తానే మునుగుతాడు అనేది ఆయన మాకు నేర్పిన మొదటి పాఠం. రెండోది మొగ్గు. తూకం సరిగ్గా వచ్చాక పళ్లెం గిరాకీ వైపు కొంచెం వాలేదాకా నాలుగు గింజలు ఎక్కువ వేయాలి. ఆ వాలు చూసి మనిషి సంతోషంగా వెళ్తాడు, రేపు మళ్లీ వస్తాడు. మూడోది తరుగు. బస్తా కొన్ననాటి తూకం అమ్మేనాటికి ఉండదు. ఉల్లిగడ్డ ఎండుతుంది, చింతపండు ఆరుతుంది, వానాకాలంలో ఉప్పు, బెల్లం చెమర్చి బరువెక్కుతాయి. బజారంతా దానికి ఇంత అని వదిలేస్తుంది, ఎవరూ కొట్లాడుకోరు. బతికున్న సరుకు తూకం కదులుతుందని మా ఇంట్లో పాకే పిల్లకు కూడా తెలుసు. ఒంటి విషయానికొచ్చేసరికి మాత్రం ఆ తెలివి ఎటుపోయేదో తెలియదు.

నిజానికి దుకాణదార్ల ఇళ్లల్లో ఒళ్లు రావడం చెడ్డమాట కాదు. పెళ్లిళ్లలో మా మేనమామ ఎదురుపడితే ముందుగా, ఏంది బావా చిక్కినవ్, గిరాకీ లేదా అని నాన్నను అడిగేవాడు. మనిషి తగ్గాడంటే దుకాణం తగ్గిందని అర్థం. నాన్న ఒక ఏడాది ఒక జత చొక్కాలు వదులైనందుకు కొత్తవి కుట్టించుకున్నాడు, పాతవి వేసుకుంటే అప్పులోళ్లు అనుమానపడతారని. రోడ్డు దాటి జూబ్లీ హిల్స్ ఎత్తు ఎక్కితే లెక్క తిరగబడేది. అక్కడ సన్నబడ్డారంటే మెచ్చుకోలు. నడవడం కోసం పార్కు దాకా కారులో వచ్చేవాళ్లను, వాళ్లు నడిచినంతసేపూ కారులోనే కునుకు తీసే డ్రైవర్లను చూసి నాన్న చాలాకాలం నవ్వుకున్నాడు. ఆ డ్రైవర్లే మా దగ్గర కిలోల కొద్దీ ఓట్స్ అడగడం మొదలుపెట్టాక నవ్వు ఆపి, ఓట్స్ తెప్పించాడు.

అది మాదాపూర్‌లో అద్దాల బిల్డింగులు లేస్తున్న కాలం. మా గల్లీలో కూడా సాఫ్ట్‌వేర్ పిల్లలు గదికి నలుగురు చొప్పున దిగారు. నేను డిగ్రీ అయ్యాక అమీర్‌పేటలో ఒక కంప్యూటర్ కోర్సులో చేరాను. అక్కడి ఆడపిల్లల నడుములు చూసి, బస్సు అద్దంలో నన్ను నేను చూసుకుని, ఈ రెండూ ఒకే దేశపు సరుకులేనా అనుకునేదాన్ని. ఒక జీన్స్ కొన్నాను. బేరమాడి సగానికి సగం తగ్గించానన్న సంతోషంలో నాకు పట్టేది కాకుండా నేను కోరుకున్న కొలతది తెచ్చుకున్నాను. ఇంటికొచ్చి చూస్తే మోకాళ్ల దగ్గరే ఆగిపోయింది. అమ్మిన సరుకు వాపసు తీసుకోని అంగడి అది. మా దుకాణం కూడా అంతే కాబట్టి తప్పు పట్టలేకపోయాను. ఆ జీన్స్ బీరువాలో మడతపెట్టి, దాన్ని చేరుకోవాలని కాటా ఎక్కడం మొదలుపెట్టాను. అప్పటి నా అంకె ఇక్కడ రాయను. బేరంలో మొదటి మాట మనది కాకూడదు.

కాటా ఎక్కేది నేనొక్కదాన్నే కాదు. మా పై గదిలో నాగమణి కిరాయికి ఉండేది. రేపల్లె దగ్గరి పిల్ల, నాకన్నా మూడు నాలుగేళ్లు పెద్ద. సినిమా పాటల్లో హీరోయిన్ వెనక గుంపులో ఆడేది. ఆమె ఎప్పుడూ నాలుగో వరస. మొదటి రెండు వరసలే తెరమీద ముఖాలుగా కనబడతాయట, నాలుగోది రంగులాగా కనబడుతుందట. ఆ రంగుకు కూడా వారం వారం కొత్త పిల్లలు దిగుతున్నారు. అట్లాంటి సమయంలో ఆమెకు ఒక పని తగిలింది. ఒక హీరోయిన్‌కు డూప్‌గా ఉండటం. దూరం నుంచీ వెనక నుంచీ తీసే షాట్లలో ఆమెలా నడవాలి, ఆమె వచ్చేలోపు లైట్లు సరిచూసుకోవడానికి ఆమె చోట నిలబడాలి. సినిమా మొత్తానికి ఒక్కరినే పెట్టుకుంటారు, కాబట్టి ఏడాది పొడుగునా పని. ఎత్తు సరిపోయింది, జుట్టు సరిపోయింది. ఇక ఒళ్లు. మేడమ్ యాభై రెండు కిలోలు, నువ్వూ యాభై రెండుకు రా, హీరోయిన్‌కు కుట్టిన బట్టలే నీకు వేసి చూస్తాం, పడితే నువ్వు, పడకపోతే ఇంకో అమ్మాయి అని సినిమా కంపెనీ మేనేజర్ చెప్పాడు. ట్రయల్‌కు నెల పైచిలుకు గడువుంది. నాగమణి అప్పుడు యాభై అయిదుకు అటూ ఇటూ ఉంది.

అటూ ఇటూ అన్నమాటే మా పొద్దుల్ని నడిపించింది. షూటింగ్ వ్యాన్ తెల్లారకముందే వచ్చేది కనుక ఆమె ఇంకా ముందే, తల దువ్వుకోకుండానే, కిందికి దిగేది. వెనక తలుపులోంచి దుకాణంలోకి వచ్చి, చెప్పులు విడిచి, గాజులు తీసి, చెవుల దిద్దులు కూడా తీసి గల్లా పెట్టె మీద పెట్టి, బస్తాలు పెట్టే పలక మీద నిలబడేది. నేను కొమ్ము మీది గుండు జరిపి అంకె చెప్పేదాన్ని. తరవాత ఆమె జరిపేది, నేను నిలబడేదాన్ని. ముందు రోజు సెట్లో పులిహోర తిన్నదంటే తెల్లారి ముప్పావు కిలో ఎక్కువ. ఆవకాయ తిన్నా ఎక్కువే. రోజంతా లైట్ల కింద ఎగిరి చెమటోడ్చి వస్తే కిలో తక్కువ. నెలసరికి ముందు ఏమీ తినకపోయినా పెరిగేది, అయిపోగానే దానంతట అదే దిగేది. ఇవన్నీ కళ్లముందు కనబడుతున్నా, తగ్గిన రోజు అది మా పట్టుదల, పెరిగిన రోజు అది మా పాపం. పెరిగిన రోజు నాగమణి నీళ్లు కూడా కొలుచుకుని తాగేది. నాన్న ఒకరోజు పళ్లపుల్ల నములుతూ ఇదంతా చూసి, "వానకాలం బెల్లం ఎక్కువ తూగుతది, ఎండకాలం ఉల్లిగడ్డ తక్కువ తూగుతది. బెల్లాన్ని తిడ్తమా, ఉల్లిగడ్డను మెచ్చుకుంటమా" అన్నాడు. మేమిద్దరం నవ్వాం. ఆ పొద్దు ఇద్దరమూ టిఫిన్ మానేశాం.

మూడో వారానికి ఆమె యాభై మూడు దాటి దిగలేక ఆగిపోయింది. మజ్జిగ, రెండు దోసకాయ ముక్కలు, అంతే. ఒకరోజు మేడమెట్ల మీద కళ్లు తిరిగి కూలబడింది. అమ్మ లేపి కూర్చోబెట్టి పంచదార నీళ్లు పట్టించబోతే, పెదాలు మూసుకుని తల అడ్డంగా ఊపింది. ఒక్క చెంచా పంచదార ఎంత తూగుతుందో తెలిసిన ఇంట్లో అమ్మ ఆ చెంచా పట్టుకుని అట్లాగే ఉండిపోయింది. "గిదేం తిండి బిడ్డా, గిదేం పని" అంది. నాగమణి గోడకు ఆనుకుని, "ట్రయల్ అయ్యేదాకానే పిన్నిగారూ. ఈసారి పోతే మళ్లీ నాలుగో వరసే" అంది. అమ్మ చెంచా తీసుకుని లోపలికి వెళ్లింది. మా అమ్మ ఊరుకుందంటే ఒప్పుకున్నట్టు కాదని నాన్నకూ నాకూ తెలిసి ఉండాల్సింది.

ఆ తరవాత అంకె కదిలింది. రోజుకింత, కూరలో ఉప్పు సరిచూసినట్టు, మెల్లగా దిగడం మొదలుపెట్టింది. యాభై మూడు, దానికి కాస్త తక్కువ, ఇంకాస్త తక్కువ. నాగమణి ముఖంలోకి రక్తం వచ్చింది. ఒక ఇడ్లీ తిని చూసింది, పెరగలేదు. రెండు తిన్నది. అమ్మ పక్కనే నిలబడి చట్నీ వేసేది. ఆమెతోపాటు నేనూ దిగాను. అప్పటికి నేను ఎవరో చెప్పగా ఉలవలు ఉడకబెట్టిన నీళ్లు తాగుతున్నాను. ఫలితం కళ్ల ముందుంది కదా. దుకాణానికి వచ్చే జూనియర్ ఆర్టిస్టు ఆడవాళ్లకు చెప్పాను, వాళ్లు ఒకరికొకరు చెప్పుకున్నారు. ఎడ్లకు పెట్టే గింజ ఆర్టిస్టులు తింటున్నరని నాన్న నవ్వుకుంటూ పక్క కొట్టులో తూచిన బస్తా ఒకటి తెప్పిస్తే వారంలో ఖాళీ అయ్యింది. రెండో బస్తాకు నేనే ధర పెంచమన్నాను. మేకప్ వేసుకుని వచ్చి నిలబడిన ఒకావిడ, మీ అమ్మాయిని చూస్తే తగ్గినట్టు లేదే అని నాన్నతో అంటే, కాటా మీద చూపిస్తా రమ్మని ఆమెను పిలిచి మరీ ఎక్కి చూపించాను. జీన్స్ మాత్రం మోకాళ్ల దగ్గర నుంచి జానెడు కూడా పైకి కదల్లేదు. గుడ్డ ముడుచుకుపోయిందని, సగం ధరకు ఇచ్చిన సరుకు అట్లాగే ఉంటుందని సరిపెట్టుకున్నాను.

బస్తాలు దిగే రోజు వచ్చింది. ఆ పెద్ద కాటా పని అప్పుడే, మిగతా రోజుల్లో అన్నీ తరాజుతోనే. హమాలీలు మొదటి బియ్యం బస్తా పలక మీద వేశారు. రెండు కిలోలు తక్కువ. రెండో బస్తా అంతే, పప్పు బస్తా అంతే, చక్కెర బస్తా కూడా అంతే. నాన్న ముఖం నల్లబడింది. ఇరవై ఏళ్లుగా సరుకు పంపుతున్న హోల్‌సేల్ షావుకారుకు ఫోన్ చేసి, నువ్వు దగ్గర దగ్గర నా తోడబుట్టినోడివనుకున్న, గింత దిగజారుతవనుకోలే అని మొదలుపెట్టాడు. అవతలివాడూ తక్కువవాడు కాదు, నీ కాటాకు జ్వరమొచ్చిందేమో చూసుకోమన్నాడు. ఆ మాటకు నాన్న ఫోన్ పెట్టేసి, బస్తా దింపించి, ఖాళీ పలక ముందు నిలబడ్డాడు. కొమ్ము కిందికి వాలి ఉంది. చివర ఇత్తడి మర బయటికి తిరిగి ఉంది. దాన్ని ముట్టుకోకుండా, ఆయన నేరుగా వంటింటి గుమ్మం వైపు చూశాడు. అమ్మ అక్కడే నిలబడి కొంగుతో చేతులు తుడుచుకుంటోంది. తుడుచుకోవడానికి ఆ చేతులకు తడేమీ లేదు.

హమాలీలను పంపేశాక, షావుకారుకు మళ్లీ ఫోన్ చేసి క్షమించమన్నాక, నాన్న అన్నం ముందు కూర్చున్నాడు. అరవలేదు. నా కాటా అబద్ధమాడిందని తెలిస్తే ఈ గల్లీలో ముఖం ఎట్ల చూపించాలని అడిగాడు. అమ్మ, కాటా ఆడలేదు, నేనాడిన అంది. పిల్ల అన్నం తినాలని తిప్పానని, రోజూ అంత మాత్రమే తిప్పానని, ఈ బస్తాల సంగతి గుర్తుకు రాలేదని చెప్పింది. నాన్న ముద్ద కలుపుతూ, అసలు మాట అప్పుడు అడిగాడు.

"మరి రేపు గా హీరోయిన్ రవిక పట్టకపోతే?"

ట్రయల్ తెల్లారే. నాగమణి లోకం దృష్టిలో యాభై రెండు, నిజానికి యాభై నాలుగు. మెట్ల మీద కూలబడ్డ నాటికన్నా ఎక్కువే. ఇప్పుడు చెప్తే ఒక్క రాత్రిలో ఆ పిల్ల రెండు కిలోలు ఎక్కడినుంచి తీస్తుంది, ఉన్న నిద్ర కూడా పోతుంది అని నేనన్నాను. చెప్పకపోతే అక్కడ పదిమందిలో హుక్కు పట్టక నిలబడుతుంది అని నాన్న అన్నాడు. ముగ్గురం మూడు వైపులా చూస్తూ అన్నం ముగించాం. మేడమీద నాగమణి పాట పెట్టుకుని అడుగులు వేసుకుంటున్న చప్పుడు కప్పులోంచి వినబడుతూనే ఉంది. చివరికి అమ్మ, నువ్వు ఆమెతోని పో అని నాతో అంది. పట్టకపోతే ఏం చెయ్యాలో చెప్పలేదు. ఒక డబ్బాలో పెరుగన్నం పెట్టి ఇచ్చింది.

ఫిల్మ్ నగర్‌లో ఒక బంగళా పై అంతస్తులో ఆ కంపెనీ ఆఫీసు. ఆటో ఎత్తెక్కలేక మూలుగుతుంటే, నేను ఎక్కువ తిన్నానా అని నాగమణి నవ్వింది. నాకు నవ్వు రాలేదు. లోపల ఒక గది నిండా కడ్డీలకు వేలాడుతున్న బట్టలు, నేలంతా దారపు పోగులు, ఇస్త్రీ పెట్టె ఆవిరి. కాస్ట్యూమ్ మాస్టర్ అరవై దాటినాయన, మెడలో టేపు, నోట్లో గుండుసూదులు. నాగమణికి ఒక ఎర్ర రవిక ఇచ్చి తెర వెనక్కి పంపాడు. నేను బల్ల మీద కూర్చుని డబ్బా గట్టిగా పట్టుకున్నాను. పెరుగన్నం అంత బరువు ఎప్పుడూ అనిపించలేదు.

నాగమణి బయటికి వచ్చింది. హుక్కులన్నీ పట్టాయి. మాస్టర్ చుట్టూ తిరిగి, వీపు దగ్గర గుడ్డను రెండు వేళ్లతో పట్టి చూశాడు. వేళ్ల మధ్యకు గుడ్డ వచ్చింది. వదులు. ఆయన పెదవి విరిచి, కొంచెం ఒళ్లు చెయ్యాలమ్మా, కెమెరాకు వీపు ఎండినట్టు కనబడుతుంది అన్నాడు. ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. నాకు నోరు ఆగలేదు, మేడమ్ యాభై రెండు కదండీ అన్నాను.

"యాభై రెండని ఎవరు చెప్పారమ్మా?"

"మేనేజర్‌గారండీ."

"ఆయన సినిమా బడ్జెట్టు కూడా అలాగే చెప్తాడు" అని మాస్టర్ మేడమ్‌దే ఇంకో రవికను కడ్డీ మీంచి తీసి తిరగేసి చూపించాడు. లోపల కుట్టు పక్కన రెండు వేళ్ల వెడల్పు గుడ్డ మడిచి ఉంది. హుక్కుల కాజాలు ఒక వరస కాదు, రెండు వరసలు. ఏ హీరోయిన్‌కైనా ఇలాగే కుడతారట. పొద్దున షాట్‌కు ఒక వరస, సాయంత్రం షాట్‌కు ఒక వరస. మనిషన్నాక అలాగే ఉంటుంది కదమ్మా అని, ఇంకేదో పనిమీద వెళ్లిపోయాడు. నాగమణి పేరు పుస్తకంలో రాసుకోమని పక్క గదిలోకి కేకేశాడు.

ఎత్తు దిగుతున్న ఆటోలో నాకు నాన్న గుర్తొచ్చాడు. మా వంశంలో ఎవరూ ఏ సరుకునూ చెప్పిన మొదటి ధరకు కొని ఎరగరు. కొత్తిమీర కట్ట దగ్గర కూడా సగానికి అడిగి ముప్పావుకు తెగ్గొడతాం. అట్లాంటి వాళ్లం, ఎవడో మేనేజర్ చెప్పిన అంకెను పైసా తగ్గించమనకుండా, అది కరెక్టేనా అని కూడా అడగకుండా, ఇంటిల్లిపాదీ తలకెత్తుకున్నాం. సన్నగా ఉన్నవాళ్ల పేరు మీద చెప్పే మాటకు అంత నమ్మకం ఎక్కడినుంచి వస్తుందో ఇప్పటికీ నాకు తెలియదు.

కృష్ణానగర్ దగ్గర ఆటో ఆపి బండి మీద మిరపకాయ బజ్జీలు తీసుకున్నాం. పేరు రాసుకున్నారు కనుక ఇక దాచడం ఎందుకని కాటా సంగతి చెప్పేశాను. అమ్మ మర తిప్పిందని, నువ్వు యాభై రెండు కాదని, యాభై నాలుగని. నాగమణి బజ్జీ తుంచుతూనే ఉంది.

"తెలుసే" అంది. "జాకెట్లు వదులవ్వాలి కదా తగ్గితే. అవ్వలేదుగా."

"మరి తెలిసీ ఎట్ల తిన్నవ్?"

"కాటా తినమంటుంటే తినొచ్చు అనిపించేది. నాకై నేను తినలేకపోయేదాన్ని." ఇంకో బజ్జీ తీసుకుని, "నీకు తెలీదా? కొట్టులో పుట్టావ్ కదా" అంది.

ఉలవల రెండో బస్తా నా కళ్ల ముందు కదిలింది. ఖాళీ కాటా చూడమని పుట్టినప్పటినుంచి విన్నదాన్ని. ఒక్కరోజు, ఒక్క కన్ను కొమ్ము వైపు వేస్తే చాలు. తూకం పెరిగి ఉంటే మూడుసార్లు చూసేదాన్ని, పలక కింద చెత్త ఇరుక్కుందేమోనని వంగి వెతికేదాన్ని. మంచి మాట చెప్పే కాటాను ఎవరూ తనిఖీ చేయరు. ఆ ఇంట్లో మోసపోయిన మనిషిని నేనొక్కదాన్నే. జీన్స్‌ను కోర్సులో స్నేహితురాలికి కొన్న ధర మీద కాస్త ఎక్కువకే అమ్మాను. అంతవరకు నయం.

ఆ సినిమా వచ్చినప్పుడు ఇల్లంతా వెళ్లి చూశాం. హీరోయిన్ గుట్ట అంచున వెనక్కి తిరిగి నడిచిపోతుంటే హాలంతా ఈలలు. అమ్మ నా చెయ్యి గిల్లి, "గది మన నాగమణి వీపు" అంది. పక్క సీట్లవాళ్లు మమ్మల్ని వింతగా చూశారు. ఆ తరవాత నాగమణి పెళ్లి చేసుకుని వెళ్లేదాకా మా ఇంట్లో ఒక పద్ధతి నడిచింది. కాటా అట్లాగే ఉంచండి పిన్నిగారూ అని ఆమే అడిగింది. అందుకు నాన్న ఒప్పుకున్నాడు, బస్తాలు దిగేముందు మర సరిచెయ్యాలన్న షరతు మీద. లారీ చప్పుడు వినగానే అమ్మ వంటింట్లోంచి వచ్చి మర లోపలికి తిప్పేది, లారీ పోయాక బయటికి తిప్పేది. నాన్న అప్పుడు గల్లా పెట్టె వైపు తిరిగి చిల్లర సర్దుకునేవాడు. నాగమణి ఇప్పుడు కృష్ణానగర్‌లోనే సినిమా బట్టలు కిరాయికిస్తుంది. ఎప్పుడైనా వచ్చి అమ్మ పక్కన కూర్చుని, ఇప్పుడు నా బరువు మీ మరకు కూడా లొంగదండీ అని నవ్వుతుంది.

నాన్న పోయాడు. అమ్మ నా దగ్గరే ఉంటోంది. మా అపార్ట్‌మెంట్‌లో స్నానాలగది బయట ఒక గాజు కాటా ఉంది. ఎక్కితే బరువుతోపాటు ఒంట్లో కొవ్వెంత, నీళ్లెంత అనేది ఫోన్‌కు పంపుతుంది. నేను ఇప్పటికీ పొద్దున్నే ఎక్కుతాను, ఇప్పటికీ దిద్దులు తీసే ఎక్కుతాను. పెరిగితే నిన్నటి బిర్యానీ అనుకుంటాను. ఉప్పు, నీళ్లు, నెలసరి, నిద్ర, ఇవన్నీ కదిలిస్తాయని వ్యాసాలు చదివాను, స్నేహితురాళ్లకు చెప్తాను కూడా. చెప్పాక ఇంటికొచ్చి ఇంకోసారి ఎక్కి చూసుకుంటాను. నలభై దాటాక ఆ అంకెతో కొట్లాట తగ్గింది కానీ పలకరింపు మానలేదు.

అమ్మ కథ వేరే. కిందటేడు జ్వరాలు పడి లేచాక ఆమె తగ్గిపోతోంది. వారం వారం బరువు చెప్పమని డాక్టరు అన్నాడు. గాజు కాటా మీద అంకె చూసుకుని అమ్మ దిగులుపడేది. మా ఇళ్లల్లో చిక్కడమంటే దుకాణం మూతపడటమే కదా. పైవాడు తరుగు తీస్తున్నడు అనేది. ఆ మాట అన్న పొద్దు అరముద్ద కూడా తినేది కాదు. తినక తగ్గేది, తగ్గిందని తినేది కాదు. మెట్ల మీద చెంచా పట్టుకుని నిలబడ్డ మనిషి ముందు నేను ఇప్పుడు గిన్నె పట్టుకుని నిలబడ్డాను. ఈ కాటాకు తిప్పడానికి మర లేదు. ఉన్నది నా కాలు. పడిపోకుండా పట్టుకున్నట్టు వెనక నిలబడి, బొటనవేలు గాజు అంచుకు ఆనించి కాస్త నొక్కుతాను. దుకాణదార్ల కులవిద్యల్లో అన్నింటికన్నా పాతది, నాన్న ఏనాడూ చెయ్యనిది. డాక్టరుకు అసలు తూకమే పంపుతాను. అమ్మ ఒకసారి దిగాక, మాత్ర వేసుకునే ముందు, కాలు తీసి మళ్లీ ఎక్కిస్తాను. అప్పుడు ఆమె కళ్లద్దాలు నా చేతిలో ఉంటాయి.

నిన్న పొద్దున అట్లాగే ఎక్కించాను. అంకె చూసుకుంది. జర పెరిగిన అంది. అవునమ్మా అన్నాను. గోడ పట్టుకుని దిగి, నా కాలి వైపు గానీ ముఖం వైపు గానీ చూడకుండా, కళ్లద్దాలు తీసి నా చేతిలో పెట్టింది.

"గింత మొగ్గు మీ నాన్న గూడ ఎన్నడు ఇయ్యలే" అని వంటింటి వైపు నడిచి, ఇంకో ఇడ్లీ పెట్టమంది.